కొత్త జట్టు నుంచి ఎవరిని తీసుకోవాలి? ఫ్యాంటసీ ఫుటీ ఆడేవాళ్లకు చిట్కాలు

ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్‌లోకి 19వ జట్టుగా టాస్మేనియా డెవిల్స్ రాబోతోంది. 2023 మే నెలలో ఆ రాష్ట్రానికి లైసెన్సు ఇచ్చారు. 2028 సీజన్‌లో జట్టు బరిలోకి దిగాలన్నది ఏర్పాటు. మెల్బోర్న్‌లోనో సిడ్నీలోనో స్థిరపడి, ఆఫీసు లీగ్‌లోనో ఇంట్లో పిల్లలతోనో ఫ్యాంటసీ ఫుటీ ఆడే తెలుగువాళ్లకు ఆ ఏడాది ఒక ప్రశ్న తప్పదు. ఈ కొత్త జట్టు నుంచి ఎంతమందిని తీసుకోవాలి, ఎవరిని తీసుకోవాలి?

జవాబు వెతకడానికి దూరం పోనక్కర్లేదు. 2011లో గోల్డ్ కోస్ట్ సన్స్, 2012లో గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ జెయింట్స్ ఇలాగే కొత్తగా వచ్చాయి. మొదటి ఏడాది రెండూ పట్టికలో అట్టడుగునే మిగిలాయి. 22 ఆటల్లో సన్స్ 3 గెలిచింది, జెయింట్స్ 2 గెలిచింది. అంత ఓడిన జట్లలోనూ ఫ్యాంటసీకి బంగారంలాంటి ఆటగాళ్లు దొరికారు. వాళ్లెవరు, ఎందుకు పనికొచ్చారు, ఎవరు పనికిరాలేదు అన్నది చూస్తే 2028కి దారి తెలుస్తుంది.

ఈ ఆటకు కొత్తవాళ్ల కోసం ఒక్క మాట. మనకు తెలిసిన ఫ్యాంటసీ క్రికెట్‌లో ఒక్కో మ్యాచ్‌కి ఒక్కో జట్టు కడతాం. ఇక్కడ సీజన్ మొత్తానికి ఒకటే జట్టు. మైదానంలో 22 మంది, బెంచీ మీద 8 మంది ఉండటం చాలాకాలంగా ఉన్న లెక్క. ఖర్చుకు ఒక పరిమితి ఉంటుంది, ప్రతి ఆటగాడికీ ఒక ధర ఉంటుంది. బాగా ఆడితే ధర పెరుగుతుంది, ఆడకపోతే పడిపోతుంది. ఏఎఫ్ఎల్ ఫ్యాంటసీ, సూపర్‌కోచ్ అనే రెండు ఆటలకు ఆదరణ ఎక్కువ. ఈ చిట్కాలు ఆ రెండింటికీ పనికొస్తాయి, తేడా ఉన్న చోట విడిగా చెబుతాను.

1. గెలుపోటములు పక్కన పెట్టి, బంతి ఎవరి చేతికి ఎన్నిసార్లు వస్తుందో చూడండి.

ఏఎఫ్ఎల్ ఫ్యాంటసీలో కిక్‌కు 3 పాయింట్లు, హ్యాండ్‌బాల్‌కు 2, మార్క్‌కు 3, ట్యాకిల్‌కు 4, గోల్‌కు 6, బిహైండ్‌కు 1, హిట్‌అవుట్‌కు 1. ఫ్రీ కిక్ సంపాదిస్తే 1 కలుస్తుంది, ఇచ్చుకుంటే 3 పోతాయి. ఈ పట్టికలో జట్టు గెలిచినందుకు పాయింటే లేదు. 12 కిక్‌లు, 8 హ్యాండ్‌బాల్స్, 5 మార్క్‌లు, 4 ట్యాకిల్స్ చేసిన కుర్రాడికి ఒక్క గోల్ కూడా లేకుండా 83 వస్తాయి. జట్టు వంద పాయింట్ల తేడాతో ఓడినా ఆ 83 అతనివే. పైగా బంతి ఎక్కువసేపు ఎదుటివాళ్ల దగ్గర ఉంటే ట్యాకిల్ చేసే అవకాశాలు పెరుగుతాయి. ఓడే జట్టంటే భయపడేవాళ్లు ముందుగా ఈ లెక్కను మనసులో పెట్టుకోవాలి.

2. మొదట మిడ్‌ఫీల్డ్ వైపు చూడండి. కొత్త జట్టులో నమ్మదగిన చోటు అదే.

గ్యారీ ఏబ్లెట్ జూనియర్ 2010 సీజన్ ముగిశాక జీలాంగ్‌ను వదిలి సన్స్‌లో చేరి, తొలి కెప్టెన్ అయ్యాడు. అప్పటికే జీలాంగ్‌తో 2007, 2009లో ఛాంపియన్‌షిప్‌లు, 2009లో లీగ్ ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో పతకం గెలిచినవాడు. మంచి జట్టులో ఉన్నాడు కాబట్టే అన్ని బంతులు దొరికాయి, పిల్లల జట్టులోకి వెళ్తే దొరకవని అనుకోవడం సహజం. జరిగింది వేరు. 2013లో సన్స్ 8 ఆటలే గెలిచినా, ఏబ్లెట్ రెండో బ్రౌన్‌లో పతకం అందుకున్నాడు. సెంటర్‌లో బంతి పైకి లేచిన ప్రతిసారీ దాని దగ్గరకు ముందు చేరేవాడికి చుట్టూ ఎవరున్నారన్నది అంత ముఖ్యం కాదు. చుట్టూ కుర్రాళ్లే ఉంటే బంతి ఇవ్వడానికి వాళ్లు వెతికేది కూడా అతన్నే.

టోబీ గ్రీన్ కథ ఇంకా ఉపయోగపడుతుంది. క్లబ్‌లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2011లో 11వ ఎంపికగా జెయింట్స్‌కు వచ్చాడు. 2012లో తొలి సీజన్‌లోనే ఆటకు సగటున 28 సార్లు బంతిని అందుకుని ఆడాడు, ఆ ఏడాది క్లబ్ ఉత్తమ ఆటగాడి పతకం గెలుచుకున్నాడు. ఈ రోజుల్లో అతన్ని ఫార్వర్డ్‌గా చూస్తున్నవాళ్లకు ఇది వింతగా అనిపించవచ్చు. అప్పుడు అతను పక్కా మిడ్‌ఫీల్డర్. రూకీ (కొత్త కుర్రాడు) ధరకు సీనియర్ స్కోరు ఇచ్చాడు. ఫ్యాంటసీలో అంతకన్నా లాభం ఇంకోటి లేదు.

డెవిల్స్ జాబితా వచ్చినప్పుడు ఈ రెండు రకాల వాళ్లను వెతకండి. పాత క్లబ్‌లో ఏళ్ల తరబడి మిడ్‌ఫీల్డ్‌లో నిలిచి వచ్చిన ఒక పెద్ద ఆటగాడు, జూనియర్ ఫుటీలో విపరీతంగా బంతి సంపాదించిన ఒక కుర్రాడు. ఒక జాగ్రత్త. జట్టులో మంచి మిడ్‌ఫీల్డర్ ఒక్కడే అయితే ప్రత్యర్థి కోచ్ తన ట్యాగర్‌ను, అంటే ఒకే ఆటగాణ్ణి నీడలా అంటిపెట్టుకుని అడ్డుకునేవాణ్ణి, అతని వెంటే పంపుతాడు. ట్యాగింగ్‌ను తట్టుకున్న చరిత్ర ఉన్నవాడికే పెద్ద ధర పెట్టండి.

3. రూకీలే అసలు సరుకు. వాళ్లను కొనడం కన్నా అమ్మడం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి.

ఫ్యాంటసీలో రూకీలతో వచ్చే చిక్కు ఒకటే, వాళ్లను ఆడించరు. పాత క్లబ్‌లలో 18 ఏళ్ల కుర్రాడు సీనియర్ల వెనుక నెలల తరబడి నిలబడాలి. చవక అని కొంటాం, వారానికి సున్నా వస్తుంది, ధర కదలదు. కొత్త క్లబ్‌లో వరస వేరు. జట్టు నిండా కుర్రాళ్లే, వాళ్లనే ఆడించాలి.

సన్స్‌కు 2010 డ్రాఫ్ట్‌లో మొదటి మూడు ఎంపికలూ ఇచ్చారు. ఆ తర్వాత 5, 7, 9, 11, 13, 15 కూడా వాళ్లవే. డేవిడ్ స్వాలో, హార్లీ బెన్నెల్, శామ్ డే, జాష్ క్యాడీ, డియాన్ ప్రెస్టియా, టామ్ లించ్ అలా వచ్చినవాళ్లే. జెయింట్స్‌కూ అలాంటి రాయితీలే దక్కాయి. జొనాథన్ పాటన్, స్టీఫెన్ కొనిగ్లియో, టోబీ గ్రీన్ డ్రాఫ్ట్‌లో వచ్చారు. జెరెమీ కామెరాన్, ఆడమ్ ట్రెలోర్, డిలన్ షీల్ 17 ఏళ్లవాళ్లను ముందే తీసుకునే వెసులుబాటుతో వచ్చారు. ఇంతమంది ప్రతిభావంతులు ఒకే చోట ఉండి, వాళ్లకు అడ్డుగా సీనియర్లు లేకపోవడం మామూలు సంవత్సరాల్లో జరగదు.

ధరల విషయానికి వస్తే, డ్రాఫ్ట్‌లో ముందు ఎంపికైనవాడికి ధర ఎక్కువ, వెనుక వచ్చినవాడికి తక్కువ. మొదటి ఎంపిక అనే పేరు కోసం అదనంగా ఖర్చు పెట్టకండి. అదే మిడ్‌ఫీల్డ్‌లో ఆడబోయే 13వ ఎంపికో 20వ ఎంపికో చవగ్గా దొరుకుతాడు. పొడవాటి ఫార్వర్డ్‌లు, పొడవాటి డిఫెండర్లు డ్రాఫ్ట్‌లో ముందే పోతారు. వాళ్లు కుదురుకోవడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఫ్యాంటసీలో మొదటి ఏడాది వాళ్లతో పని తక్కువ.

ఇక అమ్మకం. సూపర్‌కోచ్‌లో కొత్త ఆటగాడి ధర మూడు ఆటలు పూర్తయ్యాక కదలడం మొదలవుతుంది. అక్కడి నుంచి ప్రతి వారం అతని బ్రేక్ ఈవెన్ చూడండి. ధర పడిపోకుండా ఉండాలంటే ఆ వారం ఎంత స్కోరు చేయాలో చెప్పే అంకె అది. కుర్రాడి మామూలు స్కోరు కన్నా బ్రేక్ ఈవెన్ తక్కువగా ఉన్నంతకాలం మీ డబ్బు పెరుగుతున్నట్టే. రెండూ సమానమైన వారం అమ్మేయండి. ఇంకో రెండు వారాలు చూద్దామన్న ఆశతో ఆగితే కొత్త జట్టు కుర్రాళ్లు అలసిపోయి స్కోరు జారుతుంది. వారం వారం పెద్దవాళ్లతో ఢీకొని ఒళ్లు నొప్పులు పట్టిన 18 ఏళ్ల పిల్లలకు కోచ్ విశ్రాంతి ఇస్తాడు, ఇవ్వాలి కూడా. సీజన్ సగానికి వచ్చేసరికి కొత్త జట్టు రూకీల్లో ఎక్కువమంది మీ జట్టులోంచి వెళ్లిపోయి ఉండాలి.

4. ఆటల పట్టిక రాగానే కొత్త జట్టు ఏ వారాల్లో ఆడదో రాసి పెట్టుకోండి.

2011లో లీగ్‌లో 17 జట్లు. బేసి సంఖ్య కాబట్టి ప్రతి రౌండ్‌లోనూ ఎవరో ఒకరు ఖాళీగా ఉండాలి. 24 రౌండ్లలో ఒక్కో జట్టుకు రెండు బైలు వచ్చాయి. సన్స్‌కు మొదటి రౌండే బై. ఏబ్లెట్‌ను పెద్ద ధర పెట్టి మొదటి రోజే కొన్నవాళ్లకు ఆ వారం అతని దగ్గర నుంచి ఏమీ రాలేదు. సన్స్ తొలి ఆట రెండో రౌండ్‌లో, 2011 ఏప్రిల్ 2న గాబాలో కార్ల్‌టన్‌తో జరిగింది. అంటే వాళ్ల రూకీల ధరలు కూడా మిగతా రూకీల కన్నా ఒక వారం ఆలస్యంగా కదిలాయి.

2012లో జెయింట్స్ చేరడంతో 18 జట్లు అయ్యాయి. సరి సంఖ్య, ప్రతి రౌండ్‌లోనూ ఎవరో ఒకరు ఖాళీగా ఉండాల్సిన చిక్కు తీరింది. టాస్మేనియా వస్తే 19, మళ్లీ బేసి. బై వారాల తలనొప్పి 2011లోలాగే తిరిగి రావడం ఖాయం. మీరు తీసుకున్న డెవిల్స్ అందరూ ఒకే వారం ఖాళీగా ఉంటారన్న సంగతి గుర్తుంచుకోండి.

5. డిఫెండర్లను చిన్నచూపు చూడకండి.

కొత్త జట్టు వెనుక భాగంలోకి బంతి వస్తూనే ఉంటుంది. వచ్చిన బంతిని అడ్డుకుని బయటికి పంపే డిఫెండర్‌కు ఆట పొడవునా పని. ముఖ్యంగా కిక్ ఇన్ తీసుకునేవాడెవరో కనిపెట్టండి. ప్రత్యర్థి బిహైండ్ కొట్టాక గోల్ స్క్వేర్ నుంచి బంతిని తిరిగి ఆటలోకి తెచ్చే బాధ్యత అతనిది. 2019లో మారిన రూల్ ప్రకారం అతను తనకు తాను తన్నుకోకుండానే స్క్వేర్ దాటి ముందుకు పరుగెత్తవచ్చు. అలా ప్లే ఆన్ చేసి కొట్టిన కిక్ అతని లెక్కలో పడి 3 పాయింట్లు తెస్తుంది. ప్రత్యర్థి ఎన్ని బిహైండ్‌లు కొడితే అతనికి అన్ని అవకాశాలు.

హాఫ్ బ్యాక్ నుంచి పరుగుతో బంతిని తెచ్చేవాళ్లు ఇందుకు తగినవాళ్లు. వెస్టర్న్ బుల్‌డాగ్స్ నుంచి సన్స్‌కు వచ్చిన జారడ్ హార్బ్రో ఆ తరహా ఆటగాడు. ప్రత్యర్థి ఫుల్ ఫార్వర్డ్‌ను కాపలా కాసే పొడవాటి డిఫెండర్‌ను మాత్రం వదిలేయండి. అతని పని బంతిని పిడికిలితో గుద్ది చెదరగొట్టడం. ఏఎఫ్ఎల్ ఫ్యాంటసీలో దానికి పాయింట్లు లేవు.

6. రక్‌మన్ ఒక్కడే ఉంటే తీసుకోండి, ఇద్దరు పంచుకుంటుంటే వదలండి.

ప్రతి గోల్ తర్వాత బంతి మళ్లీ సెంటర్‌కు వస్తుంది, ఇద్దరు రక్‌మన్‌లు దానికోసం ఎగురుతారు. కొత్త జట్టు ఆటల్లో గోల్స్ ఎక్కువ పడతాయి, చాలావరకు ప్రత్యర్థివే అయినా సరే. గోల్స్ పెరిగితే రక్ పోటీలు పెరుగుతాయి, హిట్‌అవుట్‌లు పెరుగుతాయి. అయితే రక్‌మన్‌లు కుదురుకోవడానికి సమయం పడుతుంది. 19 ఏళ్ల కుర్రాడు 27 ఏళ్ల బలిష్టుడితో ఎగిరి గెలవడం అరుదు. వేరే క్లబ్‌లో రెండో రక్‌గా మూడు నాలుగేళ్లు ఎదురుచూసి, మొదటి స్థానం కోసమే కొత్త జట్టుకు వచ్చినవాడు దొరికితే కళ్లు మూసుకుని తీసుకోండి. పాత జట్టులో తక్కువ ఆడాడు కాబట్టి అతని ధర తక్కువగా ఉంటుంది, కొత్త జట్టులో రోజంతా అతనే.

7. ఫార్వర్డ్‌ల కోసం ఒక ఏడాది ఆగండి.

ముందుకు బంతి రాకపోతే ఎంత గొప్ప ఫార్వర్డైనా ఏం చేస్తాడు? కార్ల్‌టన్‌తో తొలి ఆటలో సన్స్ 119 పాయింట్ల తేడాతో ఓడింది. అలాంటి రోజున గోల్ దగ్గర నిలబడ్డవాడికి బంతి ముట్టుకునే వీలే దొరకదు. అలాగని పూర్తిగా మరిచిపోనూ కూడదు. 2013లో జెయింట్స్ 22 ఆటల్లో ఒక్కటే గెలిచినా జెరెమీ కామెరాన్ 62 గోల్స్ కొట్టాడు. అది అతని రెండో సీజన్. ధర పెరగకముందే రెండో ఏట అలాంటివాణ్ణి పట్టుకోవడం ఫ్యాంటసీలో పెద్ద విద్య. మొదటి ఏడాది డెవిల్స్ ఫార్వర్డ్‌లను నోట్‌బుక్‌లో రాసుకోండి చాలు.

ఫార్వర్డ్ అని ముద్ర ఉండి మిడ్‌ఫీల్డ్‌లో ఆడేవాళ్ల సంగతి వేరు. రెండు స్థానాల అర్హత ఉన్న అలాంటి ఆటగాడు కొత్త జట్టులో దొరికితే మొదట అతన్నే తీసుకోండి.

8. పేరు చూసి కొనకండి.

కొత్త క్లబ్‌లకు ఆటతో పాటు ప్రచారం కావాలి. రగ్బీ లీగ్ రాజ్యమేలే ప్రాంతాల్లో జనాన్ని రప్పించడానికి సన్స్ కార్మైకెల్ హంట్‌ను, జెయింట్స్ ఇజ్రాయెల్ ఫొలావ్‌ను తెచ్చాయి. ఇద్దరూ రగ్బీ లీగ్‌లో మహా ఆటగాళ్లు. ఫొలావ్ 2012లో జెయింట్స్‌కు 13 ఆటలు ఆడి 2 గోల్స్ కొట్టాడు, ఆ ఏడాది చివరికే ఈ ఆట వదిలేశాడు. అతని శ్రమను తక్కువ చేసి చెప్పడం లేదు. చిన్నప్పటి నుంచి ఆడనివాడికి ఈ ఆట ఒంటబట్టడం చాలా కష్టం. పత్రికల్లో పెద్ద బొమ్మ పడ్డ ఆటగాడికి, వారం వారం 80 పాయింట్లు తెచ్చే ఆటగాడికి సంబంధం లేదు. క్లబ్ అతనికి ఎన్ని లక్షల డాలర్లు ఇస్తుందన్నదీ మీకు అక్కర్లేదు.

9. పెద్ద వయసు ఆటగాళ్లు ఎందుకు వచ్చారో తెలుసుకోండి.

జెయింట్స్ తొలి ఏడాది లూక్ పవర్, చాడ్ కోర్న్స్, జేమ్స్ మెక్‌డొనాల్డ్, డీన్ బ్రోగన్ లాంటి ముప్ఫై దాటిన వాళ్లను తెచ్చుకుంది. పవర్‌ను కాలన్ వార్డ్, ఫిల్ డేవిస్‌తో పాటు ముగ్గురు కెప్టెన్లలో ఒకడిగా పెట్టింది. కుర్రాళ్లకు దారి చూపడం వాళ్ల ముఖ్యమైన పని. అలాంటివాళ్లకు మధ్యమధ్యలో విశ్రాంతి ఇస్తారు. బెంచీకి తప్ప మైదానంలోకి వాళ్లను నమ్మకండి. 22 నుంచి 26 ఏళ్ల మధ్య ఉండి, ఇంకా ఎక్కువ ఆడాలన్న ఆశతో జట్టు మారినవాళ్లు మంచి బేరం. వార్డ్ బుల్‌డాగ్స్ నుంచి అలా వచ్చినవాడే.

10. మీరు ఆడేది సూపర్‌కోచ్ అయితే కొత్త జట్టును ఇంకొంచెం తగ్గించండి.

సూపర్‌కోచ్‌లో ఒక్కో మ్యాచ్‌కి మొత్తం 3300 పాయింట్లు. ఆడిన రెండు జట్లూ వాటిని పంచుకోవాలి. ఒక జట్టు చిత్తుగా ఓడితే ఎక్కువ వాటా గెలిచినవాళ్లకు పోతుంది. అక్కడ కిక్ ఊరికే కొడితే చాలదు, సరిగ్గా మనవాడికి చేరాలి. తప్పు చేస్తే పాయింట్లు పోతాయి. ఒత్తిడిలో పొరపాట్లు చేసే కుర్రాళ్లకు ఇది కఠినమైన లెక్క. ఒకే ఆటగాడికి, ఒకే ఆటకు, ఏఎఫ్ఎల్ ఫ్యాంటసీలో మంచి స్కోరు వచ్చి సూపర్‌కోచ్‌లో నీరసమైన స్కోరు రావడం మామూలే. నా మాట అడిగితే, ఏఎఫ్ఎల్ ఫ్యాంటసీలో కొత్త జట్టు నుంచి ఐదారుగురు, సూపర్‌కోచ్‌లో ముగ్గురు నలుగురు చాలు.

ఆ ఐదారుగురిలోనూ మైదానంలో ఇద్దరు ముగ్గురే ఉండాలి, మిగతావాళ్లు బెంచీకి. ఇంట్లో పిల్లలు డెవిల్స్ జెర్సీ చూసి పదిమందిని పెట్టమంటారు. ఒక్క బై వారంలో పదిమందికీ సున్నా పడితే ఆ సీజన్ కోలుకోదు.

11. కింది లీగ్ ఆటలు చూడండి, ప్రాక్టీస్ ఆటలను అతిగా నమ్మకండి.

కొత్త జట్లు ఆకాశం నుంచి ఊడిపడవు. సన్స్ 2010లో విక్టోరియా రాష్ట్ర లీగ్ అయిన వీఎఫ్ఎల్‌లో ఆడింది. జెయింట్స్ 2011లో నార్త్ ఈస్ట్ లీగ్‌లో ఆడింది. టాస్మేనియాకు 2026 నుంచి వీఎఫ్ఎల్‌లో చోటు ఇచ్చారు. అక్కడ ఆడినవాళ్లందరూ పెద్ద లీగ్ జాబితాలోకి రారు. కానీ వచ్చినవాళ్లు పెద్దవాళ్ల ఒంటి బరువును ఒక ఏడాది తట్టుకుని వస్తారు. జూనియర్ లీగ్ నుంచి నేరుగా వచ్చినవాడి కన్నా అలాంటివాడు తొలి వారాల్లో నిలకడగా ఆడే అవకాశం ఎక్కువ.

సీజన్ ముందు ఆటల్లో కోచ్‌లు అందర్నీ పరీక్షిస్తారు. సీనియర్లు సగం ఆట ఆడి కూర్చుంటారు. అక్కడి స్కోర్లు వదిలేసి రెండే రెండు విషయాలు చూడండి. సెంటర్‌లో బంతి లేచినప్పుడు లోపల నిలబడ్డ నలుగురు ఎవరు? కిక్ ఇన్ ఎవరు తీసుకుంటున్నారు?

12. ఆ ఏడాది మారిన రూల్స్ చదవండి.

సన్స్ వచ్చిన 2011లోనే సబ్‌స్టిట్యూట్ రూల్ కూడా వచ్చింది. జట్టుకు ఒక ఆటగాడు ఆకుపచ్చ బనియన్ వేసుకుని పక్కన కూర్చుని, ఇంకొకరు బయటికి వచ్చాకే లోపలికి వెళ్లాల్సి వచ్చేది. ఆ బనియన్ చాలాసార్లు కుర్రాళ్లకే దక్కేది, వాళ్ల స్కోరు పాతిక కూడా దాటేది కాదు. ఆ రూల్ 2015 తర్వాత పోయి, వేరే రూపాల్లో కొన్నేళ్లు మళ్లీ అమలైంది. ఇంటర్‌చేంజ్ లెక్కలు తరచూ మారుతుంటాయి. 2028 రూల్స్ రూకీలకు మేలా కీడా అన్నది సీజన్ ముందు పది నిమిషాలు కూర్చుని చూసుకోండి.

13. కొత్త జట్టుతో ఆడే ప్రత్యర్థిని కెప్టెన్‌ చేయండి.

కొత్త జట్టు వల్ల వచ్చే అతి పెద్ద లాభం ఆ జట్టు బయటే ఉంది. కెప్టెన్ స్కోరు రెట్టింపు అవుతుంది. ప్రతి వారం డెవిల్స్‌తో ఎవరు ఆడుతున్నారో చూసి, ఆ జట్టులోని మీ పెద్ద మిడ్‌ఫీల్డర్‌కు కెప్టెన్సీ ఇవ్వండి. జెయింట్స్ తొలి ఆటలో సిడ్నీ స్వాన్స్ 63 పాయింట్ల తేడాతో గెలిచింది. అలాంటి రోజుల్లో గెలిచిన జట్టు మిడ్‌ఫీల్డర్లకు బంతి తేలికగా దొరుకుతుంది. ఒక్క హెచ్చరిక: ఆట చేతిలోకి వచ్చాక నాలుగో క్వార్టర్‌లో పెద్ద ఆటగాళ్లను కూర్చోబెట్టే కోచ్‌లు ఉంటారు.

ఎప్పుడూ ఇలాగే జరుగుతుందనీ అనుకోవద్దు. సన్స్ తమ నాలుగో ఆటలోనే అడిలైడ్‌లో పోర్ట్ అడిలైడ్ జట్టును 3 పాయింట్లతో ఓడించింది. 40 పాయింట్లు వెనకబడి అక్కడి నుంచి లేచింది. జెయింట్స్ తొలి గెలుపు 2012 ఏడో రౌండ్‌లో కాన్‌బెర్రాలోని మనూకా ఓవల్‌లో, అదీ ఆ సన్స్ మీదే.

14. ముందు రోజు ఆటలను బెంచీ లెక్కకు వాడుకోండి.

2012లో జెయింట్స్, స్వాన్స్ ఆట మార్చి 24న విడిగా జరిగింది. మొదటి రౌండ్‌లో మిగతా ఆటలు ఆ తర్వాతి వారంలో మొదలయ్యాయి. కొత్త జట్టుకు ఇలా ప్రత్యేకమైన వేదిక ఇవ్వడం లీగ్‌కు ఇష్టం. మీరు ఆడే ఆటలో ఒక్కో మ్యాచ్‌కి విడివిడిగా తాళం పడేట్టయితే, ముందుగా ఆడే కుర్రాణ్ణి బెంచీ మీద ఎమర్జెన్సీగా పెట్టండి. అతను బాగా స్కోరు చేస్తే, మైదానంలో ఆ స్థానంలో ఆ వారం ఆడనివాణ్ణి ఉంచండి. కుర్రాడి స్కోరు మీకు కలుస్తుంది. బాగా చేయకపోతే మామూలు ఆటగాణ్ణి దింపండి.

15. మైదానాన్నీ వాతావరణాన్నీ చూడండి.

గోల్డ్ కోస్ట్‌లో రాత్రి ఆటల్లో తేమకు బంతి జారుతుంది, మార్క్‌లు తగ్గుతాయి. టాస్మేనియాలోని హోబార్ట్‌లో చలి, గాలి. అలాంటి రోజు మార్క్‌ల మీద బతికే ఆటగాడి కన్నా ట్యాకిల్స్ చేసేవాడు మేలు.

16. చివరి పేరు ఖాయం చేసేది జట్టు ప్రకటన వచ్చాకే.

ఇంటర్వ్యూలో కోచ్ పొగిడిన కుర్రాడు మొదటి వారం జాబితాలో లేకపోవచ్చు. రూకీలకు రెండు పేర్లు సిద్ధంగా పెట్టుకోండి. ప్రకటన వచ్చిన సాయంత్రం ఫోన్ చేతిలో పెట్టుకుని మార్చుకోండి.

17. డబ్బు పెట్టకండి.

ఏఎఫ్ఎల్ ఫ్యాంటసీ, సూపర్‌కోచ్ రెండూ ఉచితంగా ఆడుకోవచ్చు. ఫ్యాంటసీ పేరుతో పందేలు కాసి ఎన్ని కుటుంబాలు నలిగిపోయాయో తెలుగు రాష్ట్రాల వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో భారత పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది కూడా. ఆస్ట్రేలియాలో అలాంటి పూర్తి నిషేధం లేదు కాబట్టి ఫుటీ ప్రసారాల్లో బెట్టింగ్ ప్రకటనలు కనిపిస్తుంటాయి. మీ పిల్లలు మీ పక్కన కూర్చుని ఈ ఆట నేర్చుకుంటున్నారు. ఆఫీసు లీగ్‌లో ఎవరైనా మనిషికి యాభై డాలర్లు వేద్దామంటే, వద్దని గట్టిగా చెప్పండి.